వ్యానులో వచ్చిన మనిషి

సీసాల ఫ్యాక్టరీ గోడౌన్లో ఫోర్క్‌లిఫ్టు నడిపేవాణ్ణి అందరూ క్రేను అనే పిలిచేవారు. ఆరడుగుల మీద ఇంకో మూడంగుళాల మనిషి. నిలబడితే చేతులు మోకాళ్ళని అందుకునేవి. పాతకాలంలో అయితే ఆజానుబాహుడని పొగిడేవారేమో, ఫ్యాక్టరీ కాబట్టి క్రేను అన్నారు.

అతన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, అక్కకి పదహారు. పెళ్ళయి కాపురానికి వెళ్తూ తమ్ముణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. "పెళ్ళాన్ని అడిగితే కొసరు కూడా ఇచ్చారు" అని బావ అందరితో చెప్పి నవ్వేవాడు గాని, ఆ కొసరుకి ఏనాడూ కంచంలో తక్కువ చెయ్యలేదు. చదువు అబ్బకపోతే తను పనిచేసే ఫ్యాక్టరీలోనే కుదిర్చాడు. అక్క కూడా అక్కడే, సీసాలు బెల్టు మీద వస్తుంటే పగుళ్ళు, బుడగలు చూసి ఏరేసే లైనులో కాంట్రాక్టు మీద పనిచేసేది.

బావ ఫర్నేసు మేస్త్రి. ఇసుక, సోడా, సున్నపురాయి, పగిలిన సీసాల పెంకులు కలిసి తేనెలా కరిగే ఆ ఫర్నేసు పదకొండేళ్ళుగా ఆరలేదు. ఆరకూడదు. ఒక్కసారి చల్లబడిందంటే లోపలి గాజు బండ కట్టేస్తుంది, చుట్టూ ఉన్న ఇటుకలు విచ్చిపోతాయి. కొత్తది కట్టాలంటే ఏడాది పడుతుంది. అంతదాకా ఫ్యాక్టరీకి తాళమే. అందుకే సమ్మె మొదలైన రోజునే కార్మికుల కమిటీ ఒక మాట అనుకుంది. ఎవరు పనిలోకి వెళ్ళినా వెళ్ళకపోయినా, షిఫ్టుకి ఎనిమిది మంది లోపలికి వెళ్ళి ఫర్నేసు బతికించాలి. వాళ్ళకి పెద్ద బావే.

సమ్మె కాంట్రాక్టు వాళ్ళని పర్మనెంటు చెయ్యమని. మూడువందల నలభై మంది. ఏళ్ళ తరబడి అదే బెల్టు ముందు నిలబడి పనిచేస్తూ, ఏడాదికోసారి కొత్తగా చేరినట్టు సంతకం పెడుతున్నవాళ్ళు. ఫ్యాక్టరీలో రెండు యూనియన్లు. పెద్దది తాళంచెవి పార్టీది. దానికి అధ్యక్షుడు ప్యాకింగ్ సెక్షన్ పెద్దాయన. చిన్నది గొడుగు పార్టీది. దానికి సెక్రటరీ మన క్రేను. రాష్ట్రంలో అధికారం గొడుగుది, ఆ నియోజకవర్గం నుంచి మళ్ళీ పోటీలో ఉన్నది సాక్షాత్తూ కార్మిక శాఖ మంత్రి. ఎన్నికలు ఇంకా రెండు వారాల్లోపే. కార్మిక మంత్రి ఇలాకాలో కార్మికులే టెంటు వేసుకుని కూర్చుంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

మంత్రి పనులు చక్కబెట్టేవాడు ఒకడుండేవాడు. టెంట్లు, కుర్చీలు, లౌడ్‌స్పీకర్లు అద్దెకిచ్చే షాపు వాడిది. అందుకని మైకు అనేవారు. పెళ్ళికీ చావుకీ మీటింగుకీ వాడి కుర్చీలే. క్రేనుని చేరదీసి సెక్రటరీని చేసింది వాడే. భుజం మీద చెయ్యి వెయ్యాలంటే వాడు మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చేది, అయినా వేసేవాడు.

బావకి ఇది మొదటినుంచీ గిట్టలేదు.

"ఒరేయ్, గొడుగు కిందికి ఎందుకు దూరావురా?" అన్నాడు నెల కిందట, అన్నం తింటూ.

"తడవకుండా ఉందామని" అన్నాడు క్రేను.

"నీ ఎత్తుకి ఏ గొడుగు సరిపోతుందిరా. ఆ మైకు గాడు నీతో మాట్లాడించేది వాడి మాటలే. నీ నోరు అద్దెకి తీసుకున్నాడంతే."

క్రేనుకి ఒళ్ళు మండింది. "నువ్వు ఆ ఫర్నేసు ముందు కూర్చుని కూర్చుని బుర్ర వేడెక్కింది బావా. మనకంటూ పెద్దవాళ్ళు నలుగురు తెలిసి ఉండొద్దా?" అని సగం కంచం వదిలేసి లేచాడు. అక్క వెనకాల వీధి దాకా వచ్చి పిలిచింది. వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత నెల రోజులు ఆ గుమ్మం తొక్కలేదు.

సమ్మె పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం మైకు అతన్ని తన గోడౌన్‌కి పిలిపించాడు. మడతపెట్టిన కుర్చీలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య ముప్పై నలభై మంది కుర్రాళ్ళు. క్రేనుకి తెలిసినవాళ్ళు నలుగురైదుగురు కూడా లేరు.

"పెద్దాయన ఏం ప్లాను వేశాడో తెలుసా?" అన్నాడు మైకు. "రేపు పొద్దున ఆరింటికి వ్యానులో మనుషుల్ని లోపలికి పంపిస్తున్నాడు. ఫర్నేసు ఆర్పెయ్యడానికి."

"పెద్దాయనా? ఫర్నేసు కాపాడాలని కమిటీలో పట్టుబట్టిందే ఆయన."

"అది మొదటి రోజు. ఇప్పుడు ఎన్నికలొచ్చాయి కదా. ఫ్యాక్టరీ మూతపడితే ఆ పాపం ఎవరి మీద పడుతుంది? మంత్రిగారి మీద. మూడువందల ఇళ్ళు ఏమైపోతే వాడికేంటి? ఓట్లు రాలితే చాలు."

క్రేను తల అడ్డంగా ఊపాడు.

"లోపల మీ బావ ఉంటాడు కదా ఆ టైముకి? రాత్రి షిఫ్టు దిగే వేళ" అన్నాడు మైకు నెమ్మదిగా. "అడ్డం వస్తే వాళ్ళు ఊరుకుంటారా?"

ఆ ఒక్క మాట చాలింది. బావతో మాటల్లేవు గాని, బావ మీద చెయ్యి పడుతుందంటే క్రేను చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. గోడకి ఆనించి ఉన్న టెంటు పైపుల్లోంచి ఒకటి తీసి బరువు చూసుకున్నాడు.

అతనికి తెలియనివి రెండున్నాయి. ఒకటి, యాజమాన్యం దిగొచ్చిందని, మర్నాడు పదకొండు గంటలకి పెద్దాయనతో ఒప్పందం మీద సంతకాలని. తాళంచెవి యూనియన్ గెలిచిందన్న మాట ఎన్నికల ముందు ఊళ్ళో పాకడం మంత్రికి బొత్తిగా ఇష్టం లేదు. గేటు దగ్గర గొడవైతే సంతకాలు ఆగిపోతాయి. రెండోది, పొద్దుటి షిఫ్టు మేస్త్రికి జ్వరమొచ్చి, బావ తన రాత్రి షిఫ్టు ఇంకొకరికి అప్పగించి అతని బదులు ఒప్పుకున్నాడని. దారిలో ఎవరో రాళ్ళు వేస్తున్నారని ఆ వారం నుంచే కమిటీ ఫర్నేసు వాళ్ళని వ్యానులో పంపుతోంది. నెల రోజులు అక్క ఇంటికి వెళ్ళి ఉంటే ఈ సంగతులు అన్నం తింటూ వినేవాడు.

మర్నాడు పొద్దున ఆరు కావస్తుండగా గేటు ముందు మంచు ఇంకా విడలేదు. క్రేను మొహానికి రుమాలు కట్టుకున్నాడు. కుర్రాళ్ళు గోడ వెంబడి నక్కి ఉన్నారు. కిటికీలకి ఇనుప జాలీ బిగించిన తెల్ల వ్యాను మలుపు తిరిగి మెల్లగా వచ్చింది. మొదటి రాయి ముందు అద్దం మీద పడింది. రెండో రాయికి అద్దం మొత్తం పొడిపొడిగా రాలిపోయింది. డ్రైవరు తలుపు తీసుకుని ఒక్క పరుగున పారిపోయాడు. కుర్రాళ్ళు నలువైపుల నుంచీ వ్యాను మీద పడ్డారు. పైపులు రేకుకి తగులుతుంటే చెవులు చిల్లులు పడేలా మోత. లోపలివాళ్ళు వెనక తలుపుకి గడియ పెట్టుకుని సీట్ల కింద దూరారు. ఎవడో చక్రాల కింద పెట్రోలు గుడ్డ విసిరాడు. నల్లటి పొగ లేచింది.

ఆ పొగలోంచి ముందు తలుపు వైపు ఒక మనిషి దిగాడు. రాళ్ళకి భయపడి మందపాటి కోటు తల మీదికి లాక్కుని ఉన్నాడు. కుడిచేతిలో పొడుగాటి ఇనుప కడ్డీ. క్రేను కళ్ళకి ఆ కడ్డీ ఒక్కటే కనిపించింది. ఫర్నేసు పగలగొట్టడానికి తెచ్చారన్నమాట, అనుకున్నాడు. రెండంగల్లో ఎదురు వెళ్ళి రెండు చేతులా పైపు పైకెత్తాడు.

"ఒరేయ్ క్రేనూ, నేనురా..."

గొంతు విన్నాడు. చెయ్యి అప్పటికే దిగిపోయింది.

ఆ కడ్డీ ఫర్నేసులో గాజు చిక్కదనం చూసే కడ్డీ. ఇరవై ఏళ్ళుగా షిఫ్టుకి వెళ్ళొచ్చే బావ చేతిలో చూస్తున్నదే. అది రోడ్డు మీద పడి ఖంగుమని దొర్లింది. దాని పక్కనే బావ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కోటు జారింది. కుడి చెవి పైన రక్తం బుడగలుగా ఉబుకుతోంది. బావ తలెత్తి చూశాడు. కోపంగా కాదు, ఏదో అడగబోయి మరిచిపోయినవాడిలా చూశాడు. తర్వాత పక్కకి ఒరిగిపోయాడు.

క్రేను పైపు వదిలేసి బావ వైపు వంగాడు. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగేశారు. మైకు! "నడు, నడు, పోలీసులొస్తున్నారు" అంటూ గోడ వారగా ఈడ్చుకుపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే, సమ్మె టెంటులోంచి పెద్దాయనా, కమిటీ వాళ్ళు నలుగురూ పరిగెత్తుకొచ్చి బావని చేతుల మీద లేపుతున్నారు. అప్పుడే లాఠీలు విరుచుకుపడ్డాయి. మేస్త్రిని ఎత్తుకున్నవాళ్ళ వీపుల మీదే పడ్డాయి. పెద్దాయన దెబ్బలు తింటూనే మేస్త్రి తల కింద పడకుండా పట్టుకున్నాడు. చేతులు ఖాళీ లేక ఒక్క దెబ్బా కాచుకోలేకపోయాడు.

బావ ఆస్పత్రి వరండాలో స్ట్రెచరు మీదే మధ్యాహ్నానికి ముందు పోయాడు. మంచం దొరికేలోపే.

సాయంత్రానికల్లా కథ తయారైపోయింది. ఫర్నేసు ఆర్పడానికి ఒప్పుకోనందుకు మేస్త్రిని తాళంచెవి యూనియన్ వాళ్ళే కొట్టి చంపారు. సాక్ష్యం? పెద్దాయనవీ, ఆ నలుగురివీ చొక్కాల నిండా రక్తం. ఐదుగురినీ లాకప్పులో వేశారు. సంతకాలు ఆగిపోయాయి.

"నువ్వు కొట్టలేదు" అన్నాడు మైకు, కుర్చీల గోడౌన్లో క్రేనుని గోడకి ఆనించి నిలబెట్టి. "విను, నా కళ్ళలోకి చూడు. నువ్వక్కడ లేవు. పొద్దున ఆరింటికి నువ్వు నాతో పోస్టర్లు లెక్కేస్తున్నావు. అర్థమైందా?"

"మా బావరా ఆయన" అన్నాడు క్రేను. "నన్ను పెంచాడురా."

"అందుకే చెప్తున్నా. మీ అక్కకి మొగుడు ఎలాగూ పోయాడు. తమ్ముడు కూడా జైలుకి పోవాలా? ఆవిడకెవరున్నారు?"

క్రేనుకి ఎదురు చెప్పే నోరు లేదు. బావ అన్నట్టు, అది అద్దెకి పోయింది.

మర్నాడు మంత్రి స్వయంగా ఇంటికొచ్చాడు. రెండే గదుల ఇల్లు. ముందుగదిలో కెమెరాల వాళ్ళే నిండిపోయారు. అక్క గోడకి చేరగిలబడి, కాలేజీ చదివే కూతుర్ని పక్కన పెట్టుకుని ఎటో చూస్తోంది. మంత్రి "ధైర్యంగా ఉండమ్మా, నీ భర్త మా పార్టీ ముద్దుబిడ్డ" అన్నాడు. అక్క అప్పుడు తలెత్తి, "ఆయన ఏ పార్టీలోనూ లేడండీ" అంది. మంత్రి వినిపించుకోలేదు, మైకు కెమెరాల వైపు చెయ్యి ఊపాడు. శవాన్ని గొడుగు జెండాలు కట్టిన లారీ ఎక్కించి ఊరంతా తిప్పారు. లారీ మీద క్రేనుని నిలబెట్టి చేతికి కాగితం ఇచ్చారు. "మా బావ రక్తానికి బదులు తీర్చుకుంటాం" అని అందులో రాసి ఉన్నది రాసినట్టు చదివాడు. కింద జనం హోరెత్తిపోయారు. తన గొంతు లౌడ్‌స్పీకర్లలోంచి తనకే తిరిగి వినిపిస్తుంటే, ఇది మాట్లాడుతున్న దౌర్భాగ్యుడెవడా అనిపించింది.

జనం ఊరికే హోరెత్తి ఇళ్ళకి పోలేదు. ఊరేగింపు తోక తెగి, తాళంచెవి యూనియన్ ఆఫీసు వైపు మళ్ళింది. ముందు అద్దాలు పోయాయి, తర్వాత బీరువాలు వీధిలోకి వచ్చాయి, తర్వాత నిప్పు. ఆ పక్క సందులోనే పెద్దాయన ఇల్లు. మూక అటు తిరగ్గానే క్రేను వెనకాల పరిగెత్తాడు. ఆపుదామనో, ఏం చేద్దామనో తనకే తెలియదు.

పెద్దాయన భార్య ఒక్కతే ఉంది ఇంట్లో. అరవై ఏళ్ళ మనిషి. పాతికేళ్ళు అదే ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు అతికించి మోకాళ్ళు అరిగిపోయినావిడ. తలుపు అడ్డంగా పట్టుకుని, "ఆయన లేడు నాయనా, జైల్లో ఉన్నాడు, మీరే పెట్టించారు కదా" అంటోంది. ఒకడు ఆవిడ జుట్టు పట్టుకుని గుమ్మంలోంచి లాగాడు. ఇంకొకడు పడ్డదాన్ని కడుపులో తన్నాడు. మూడోవాడు, గడ్డానికి మంగలి దగ్గరికి కొత్తగా వెళ్తున్నవాడిలా ఉన్నాడు, చేతిలో ఇటుకతో నుదుటి మీద కొట్టాడు. ఆవిడ అరవలేదు. "అయ్యో, అయ్యో" అని చిన్నగా, పాలు పొంగినప్పుడు అనుకున్నట్టు అంది.

క్రేను ఇటుక పట్టుకున్నవాడి మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. తన్నినవాణ్ణి మెడపట్టి గోడకేసి కొట్టాడు. మిగతావాళ్ళు విస్తుపోయి చూశారు. "అన్నా, నీ బావ కోసమే కదన్నా!" అన్నాడు ఒకడు. క్రేను ఆవిడని రెండు చేతుల మీద ఎత్తుకుని, మండుతున్న సందులోంచి ఆస్పత్రి దాకా నడిచాడు. దారిలో ఆవిడ స్పృహలోకి వచ్చి అతని మొహం చూసింది. "నువ్వు మేస్త్రి బావమరిదివి కదూ" అంది. "పాపం, మంచి మనిషయ్యా మీ బావ. మా ఆయన ఆయన్ని చంపుతాడా, నువ్వే చెప్పు."

అతను ఆవిణ్ణి ఆస్పత్రిలో నర్సులకి అప్పగించాడు. ఆ ప్రశ్న మోసుకుంటూ నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క వంటగదిలో కింద కూర్చుని ఉంది. దహనానికి వచ్చిన చుట్టాలు ముందుగదిలో కునికిపాట్లు పడుతున్నారు. తమ్ముడి చొక్కా మీద రక్తం చూసి లేవబోయింది.

"నాది కాదక్కా" అన్నాడు. ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నా అతని తల ఆవిడ కంటే జానెడు పైన ఉంటుంది. ఆ తల దించుకుని, "అక్కా, బావని కొట్టింది నేనే" అన్నాడు.

అక్కకి వెంటనే అర్థం కాలేదు.

"వ్యానులో బావ ఉన్నాడని తెలీదు. ఎవరో అనుకున్నాను. పేరు పెట్టి పిలిచాడక్కా. పిలిచేసరికే..."

అక్క అడిగింది. "ఎక్కడ కొట్టావు?"

"కుడి చెవి పైన."

"ఆస్పత్రి వరండాలో ఆ గాయం నేనే కడిగాను" అంది అక్క. "ఎంత కడిగినా రక్తం ఆగలేదు. ఇంత బలంగా ఎవరు కొట్టారా అనుకున్నాను."

అప్పుడు లేచింది. పొయ్యి పక్కనున్న చపాతీల కర్ర అందుకుని తమ్ముణ్ణి కొట్టడం మొదలుపెట్టింది. భుజాల మీద, వీపు మీద, చేతుల మీద. గుక్క తిప్పుకోకుండా కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. చుట్టాలు లేచి వచ్చి పట్టుకోబోతే విదిలించుకుంది. కర్ర చేతిలోంచి జారిపోయేదాకా కొట్టి, ఆయాసపడుతూ గోడకి ఆనుకుంది.

"ఆ ఐదుగురూ?" అంది.

"లాకప్పులోనే ఉన్నారు."

"మీ బావని ఎత్తుకుని తెచ్చినవాళ్ళురా వాళ్ళు! లే. స్టేషన్‌కి పద."

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు టీ తాగుతున్నాడు. క్రేను చెప్పిందంతా విన్నాడు, ఒక్క అక్షరం రాసుకోలేదు.

"బాధలో ఉన్నావు. ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు.

"నేనే చంపానండీ."

"చంపినవాళ్ళని పట్టుకున్నాం కదయ్యా. కాగితాలన్నీ పైకి వెళ్ళిపోయాయి. మళ్ళీ కొత్తగా నువ్వెక్కణ్ణుంచి వచ్చావు?" ఇన్‌స్పెక్టరు అక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వైనా చెప్పు. మొగుడు పోయాడు, ఉన్న ఒక్క తమ్ముణ్ణీ పోగొట్టుకుంటావా?"

"అందరూ నాకు అదే లెక్క చెప్తున్నారు" అంది అక్క. "అవతల ఐదిళ్ళున్నాయి. ఆ లెక్క ఎవరూ చెప్పట్లేదు."

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టి కానిస్టేబుల్ని పిలిచాడు. ఇద్దర్నీ మర్యాదగానే గేటు దాకా సాగనంపారు. తాను చేసిన నేరం తన నెత్తిన వెయ్యమని బతిమాలినా వేసేవాడు లేడు. వాళ్ళు ఇల్లు చేరేలోపే సంగతి మైకుకి చేరింది. వాడు వచ్చి గుమ్మంలోనే నిలబడి నవ్వుతూ అన్నాడు. "శుక్రవారం గేటు దగ్గర మంత్రిగారి మీటింగు. అక్కని స్టేజీ మీద కూర్చోబెడుతున్నాం. నువ్వూ పక్కనుండాలి. ఈలోగా పిచ్చి పిచ్చిగా తిరిగావంటే, అక్క కూతురు కాలేజీకి ఏ దారిన వెళ్తుందో మా కుర్రాళ్ళకి తెలుసు."

క్రేను కదలబోయాడు. అక్క అతని మోచెయ్యి పట్టుకుంది. "వస్తాం బాబూ" అంది మైకుతో. "ఇద్దరం వస్తాం."

వాడు వెళ్ళగానే కూతుర్ని దొరికిన మొదటి బస్సుకే పక్క ఊళ్ళో ఉన్న ఆడపడుచు దగ్గరికి పంపేసింది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గేటు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. సగం మంది ఫ్యాక్టరీ వాళ్ళే. జెండాల మీద అభిమానంతో కాదు, మేస్త్రి మీద గౌరవంతో వచ్చారు. మంత్రి మాట్లాడాడు, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత "మేస్త్రిగారి భార్య రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు. అక్క లేచింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని తనతో పాటు ముందుకు తీసుకెళ్ళింది.

"నేను చెప్పేది ఏమీ లేదు. వీడు చెప్తాడు" అంది.

క్రేను స్టాండు మైకు ముందుకు వంగాడు. చేతిలో కాగితం లేదు.

"మా బావని తాళంచెవి వాళ్ళు చంపలేదు. నేను చంపాను. ఈ చేతుల్తో, టెంటు పైపుతో. ఆ వ్యాను ఆపమని నన్ను పంపింది..."

లౌడ్‌స్పీకరు గుటుక్కున ఆగిపోయింది. వైరు పీకేసింది మైకు గాడే. కానీ క్రేను గొంతు మామూలు గొంతు కాదు. బెల్టులు తిరుగుతున్న గోడౌన్లో ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపించేలా పదేళ్ళు అరిచిన గొంతు. "పంపింది ఈ మైకు! పంపించింది మంత్రి! పెద్దాయన బావని ఎత్తుకున్నాడు, అంతే! ఆయన్ని వదలండి!"

మాట పూర్తికాకుండానే స్టేజీ మీది కుర్రాళ్ళు అతని మీద పడ్డారు. కుర్చీలతో కొట్టారు. ఇనుప కాళ్ళ మడత కుర్చీలు, మైకు షాపువే. ఒకడు మోకాలి చిప్ప మీద తన్ని కింద పడేశాడు. ఇద్దరు కుడిచెయ్యి చాపి పట్టుకుంటే మూడోవాడు స్టేజీ అంచుకి ఆనించి దాని మీద గెంతాడు. మోచేతి కింద ఎముక తెల్లగా బయటికి పొడుచుకొచ్చింది. అక్క ఒకడి చెవి పట్టుకుని కొరికింది. ఆవిణ్ణి ఎత్తి మెట్ల మీదికి విసిరేశారు.

అప్పటిదాకా జనం బిగుసుకుపోయి చూశారు. మొదట కదిలింది ఫర్నేసు వాళ్ళు. ఆ రోజు వ్యానులో సీట్ల కింద దాక్కున్న ఏడుగురు. దాక్కున్న సిగ్గు వాళ్ళని తినేస్తోందేమో, స్టేజీ ఎక్కిన తీరు చూడాలి. వాళ్ళ వెనక ప్యాకింగు వాళ్ళు, లైను ఆడవాళ్ళు. కర్రలు విరిగాయి, పళ్ళు రాలాయి, ఒకడి కన్ను పోయింది. టెంటు కూలి సగం జనం మీద పడింది. కార్మిక శాఖ మంత్రిగారు కార్మికులకి దొరక్కుండా స్టేజీ కింద జనరేటరు పక్కన అరగంట దాక్కున్నారు. పోలీసులు గాలిలోకి కాల్చాక గాని గొడవ ఆగలేదు.

మర్నాడు పేపర్లన్నిట్లో అదే వార్త. ఇక కాగితాలు పైకి వెళ్ళిపోయాయనడానికి వీల్లేకపోయింది. ఐదుగురినీ వదిలారు. క్రేనుని ఆస్పత్రి మంచానికే సంకెళ్ళు వేసి అరెస్టు చేశారు.

మూడో రోజున పెద్దాయన చూడటానికొచ్చాడు. ఒక కన్ను ఇంకా వాచి మూసుకునే ఉంది. మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మా ఆవిణ్ణి ఎత్తుకెళ్ళింది నువ్వేనట."

"అవునండీ."

"పదకొండు కుట్లు పడ్డాయి. ఇప్పుడు అన్నం తింటోంది." స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుని, "ఆ మూకని రెచ్చగొట్టిందీ నువ్వే" అన్నాడు.

"అవునండీ."

"ఊఁ" అన్నాడు పెద్దాయన. "రెండూ నువ్వే అయితే నేను నిన్ను ఏమనాలో నాకు తెలియట్లేదు. తెలిసినప్పుడు వచ్చి అంటాలే." లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "ఫర్నేసు మాత్రం ఆరలేదు. ఆ కొట్లాటలో కూడా నలుగురు లోపలే ఉన్నారు. మీ బావ నేర్పినవాళ్ళు."

ఎన్నికల్లో మంత్రి ఓడిపోలేదు. ఏడువందల ఓట్లతో బయటపడ్డాడు. కాకపోతే శాఖ మార్చారు, రోడ్లూ వంతెనలూ ఇచ్చారు. మైకు మీద కేసు పెట్టారు గాని సాక్షులు ఒక్కొక్కరే జారుకున్నారు. వాడి కుర్చీలు ఇప్పటికీ పెళ్ళిళ్ళకి వెళ్తున్నాయి. సమ్మె నలభై ఒకటో రోజున ముగిసింది. మూడువందల నలభైలో రెండువందల పది మందిని పర్మనెంటు చేశారు. మిగతావాళ్ళకి వచ్చే ఏడాది అన్నారు. ఆ రెండువందల పదిలో అక్క ఉంది.

కేసు ఐదు నెలలు నడిచింది. అక్క బోనెక్కి, తమ్ముడు వంటగదిలో తనతో చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట పెంచలేదు. తెలియక కొట్టాడా అని లాయరు అడిగితే, "ఎవరో అనుకుని కొట్టాడు. ఎవరో అయితే మాత్రం వాళ్ళకీ ఇల్లుండదా?" అంది. అంతకాలంలో తమ్ముణ్ణి చూడటానికి ఒక్కసారి కూడా జైలుకి వెళ్ళలేదు.

ఏడేళ్ళు శిక్ష పడింది. తీర్పు చదివిన రోజు అక్క కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుంది. అయిపోయాక క్రేనుని బయటికి తెస్తుంటే వరండాలో ఎదురుపడింది. అతను ఆగాడు. అక్క అతని మొహం వైపు చూడలేదు, పలకరించలేదు. ఆలస్యమవుతోందని కానిస్టేబులు అతని కుడిచెయ్యి పట్టి లాగాడు. క్రేను పళ్ళ బిగువున మూలిగాడు.

"ఆ చెయ్యి కాదు బాబూ" అంది అక్క. "అది సరిగ్గా అతకలేదు. రెండోది పట్టుకో."

కానిస్టేబులు చెయ్యి మార్చాడు. అక్క చెంగు సర్దుకుని మెట్లు దిగింది. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకి టైమవుతోంది.